విప్పని కవర్లు

  డబ్బు చింత మతం అడిగి ఇంట్లోకి రాదు కాబట్టి, ఇవాళ నేను చెప్పబోయేది మరో విశ్వాసంలో ఉన్నవాళ్ళకీ పనికొస్తుందనే నా ఆశ.

న్యూజెర్సీ పార్సిప్పనీలో రూట్ 46 మీంచి బెవర్‌విక్ రోడ్డులోకి తిరిగి పోతే లేక్ హయావతా వస్తుంది. ఇటుక అపార్ట్‌మెంట్లు, చిన్న చిన్న ఇళ్ళు, మన కిరాణా కొట్లు. మా కాపురం మొదలైంది అక్కడే, రెండో అంతస్తులో. ఆ వంటింట్లో పొయ్యి పక్కన ఒక సొరుగు ఉండేది. 2009 జనవరి నుంచి ఫిబ్రవరి చివరి దాకా నేను ఆ సొరుగులో కవర్లు దాచాను. అడ్రసు కనపడేలా ముందు కాయితపు కిటికీ ఉంటుందే, ఆ తెల్ల కవర్లు. క్రెడిట్ కార్డువి, కరెంటువి, ఆసుపత్రివి. కింద మెయిల్ బాక్సులోంచి తీసుకుని, మెట్లెక్కుతూనే కోటు లోపలి జేబులో పెట్టేసుకుని, మా ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు సొరుగులోకి తోసేవాణ్ణి. వాటి మీద మా అమ్మ ఇచ్చిన తెలుగు బైబిలు పెట్టాను, నల్ల అట్టది.

సంగతేమిటంటే, అప్పుడు నేను హెచ్1బీ వీసా మీద ఒక చిన్న కన్సల్టెన్సీలో ఉండేవాణ్ణి. క్రిస్మస్‌కి వారం ముందు ప్రాజెక్టు అయిపోయింది. "బెంచి మీద ఉండు, ఇంకోటి చూస్తాం" అన్నారు. బెంచి మీద ఉన్నా జీతం ఇచ్చి తీరాలని ఇక్కడి చట్టం. ఇవ్వలేదు. గట్టిగా అడిగితే వీసా మాట ఎత్తేవాళ్ళు. అలా పదకొండు వారాలు. బాబుకి అప్పుడు పద్నాలుగు నెలలు. ఒక రాత్రి జ్వరం నూటనాలుగు దాటితే ఎమర్జెన్సీకి పరుగెత్తాం. ఆ బిల్లు వేరే. మా ఆవిడ బీఈడీ చదివి ఒంగోలులో నాలుగేళ్ళు పాఠాలు చెప్పింది. కానీ హెచ్1బీ వాళ్ళ భార్యాభర్తలకిచ్చే హెచ్4 మీద వచ్చినవాళ్ళు అప్పట్లో పని చేయడానికి లేదు. గ్రీన్‌కార్డు దారిలో పడ్డవాళ్ళ భార్యలకో భర్తలకో ఆ అనుమతి వచ్చింది 2015 మే 26 నుంచి మాత్రమే. చదువుకున్న మనిషి, చేతిలో పని ఉన్న మనిషి, చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

బట్టలు ఉతుక్కునే మిషన్లు అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఉండేవి. వాటికి క్వార్టర్లు వెయ్యాలి. ఆవకాయ సీసా ఖాళీ అయితే కడిగి అందులో క్వార్టర్లు పోగేసేవాళ్ళం. ఫిబ్రవరిలో ఒక రోజు పాలకోసం ఆ సీసా బోర్లించి లెక్కపెట్టుకున్నాం. పసివాడి బట్టలు మా ఆవిడ బాత్‌టబ్‌లో చేత్తో ఉతికి, హీటరు దగ్గర కుర్చీల మీద ఆరేసింది. ఆమె ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

నేను రోజూ పొద్దున్నే లేచి ఆ సొరుగు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాణ్ణి. ప్రభువా, నీకు తెలుసు, నువ్వే చూసుకో అని. కవరు మాత్రం విప్పేవాణ్ణి కాదు. విప్పితే అవిశ్వాసం అనుకున్నాను. ఆ డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకొచ్చిన వాగ్దానపు కార్డు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం పందొమ్మిదో వచనం. అవసరాలన్నీ దేవుడు తీరుస్తాడన్న ఆ వచనం రాని క్రైస్తవుడు ఉండడు. దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించాను. ఫ్రిజ్‌లో ఏముందో మీరడక్కండి. ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి చూసుకుంటే తెలుస్తోంది, అప్పుడు నాలో ఉన్నది నమ్మకం కాదు, భయం. ఆ భయానికే వాక్యపు చొక్కా తొడిగి చర్చికి తీసుకెళ్ళాను.

రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం మొదట్లో ఒక విధవరాలి కథ ఉంది. మొత్తం ఏడు వచనాలు. సండే స్కూల్లో నూనె కుండ బొమ్మ గీసి రంగులు వేసినవాళ్ళే మనమంతా. కానీ నెత్తిన అప్పు ఉన్నప్పుడు చదివితే ఆ కథ వేరేగా ఉంటుంది. ప్రవక్తల శిష్యుల్లో ఒకాయన చనిపోయాడు. దైవభక్తి గలవాడు, ఆ సంగతి ప్రవక్త ఎలీషాకి తెలుసు. అయినా అప్పు మిగిల్చి పోయాడు. అప్పిచ్చినవాడు వచ్చి ఇద్దరు కొడుకుల్నీ దాసులుగా పట్టుకుపోతానంటున్నాడు. భక్తిపరుడు అప్పుల్లో చనిపోయాడని బైబిలు దాచకుండా రాసింది. అతని భక్తిలో ఏదో లోపముందని ఆ ఏడు వచనాల్లో ఎక్కడా లేదు. మన సంఘాల్లో మాత్రం ఎవరికైనా చేతిలో డబ్బు ఆడకపోతే చాలు, ఏదో దాచిన పాపం ఉంటుంది, దశమ భాగంలో వెనకబడి ఉంటాడు అని చెవులు కొరుక్కుంటాం. ఆ మాటలు విన్నవాడు ఇంకో ఆదివారం రాడు. నేనూ రెండు ఆదివారాలు మానేశాను.

ఆమె వచ్చి మొరపెట్టుకుంటే ఎలీషా ముందు అడిగింది ఇంట్లో ఏముందని. కాస్త నూనె ఉన్న కుండ తప్ప ఏమీ లేదంది. అప్పుడాయన చెప్పిన పని, ఇరుగుపొరుగు ఇళ్ళకి పోయి ఖాళీ పాత్రలు ఎరువు తెచ్చుకోమని. ఒకటి రెండు కాదు, చాలా తెచ్చుకోమన్నాడు. నూనె పెరగడం అద్భుతమే. కానీ నా కళ్ళకి ఆమె తట్టిన తలుపులే ఎక్కువ కనిపిస్తాయి. అప్పులవాడు గుమ్మం తొక్కిన ఇల్లది, ఊరంతా చూసే ఉంటుంది. ఆ ఇల్లాలు కొంగు నెత్తిన వేసుకుని పక్కింటికి పోవాలి, ఖాళీ కుండుంటే ఇవ్వమ్మా అనాలి. ఎందుకు అని వాళ్ళడుగుతారు. అక్కడ గొంతులో అడ్డుపడేదేమిటో అప్పు పడ్డవాళ్ళకి తెలుసు. దేవుడు ఆకాశం నుంచి కుండలు కూడా దింపగలడు. దింపలేదు. పొరుగువాళ్ళ కుండల్లోనే పోశాడు. నూనె అమ్మి ముందు అప్పు తీర్చమన్నాడు, ఆ మిగిలినదాంతో పిల్లలతో బతకమన్నాడు. ఆ వరస కూడా చూడండి. అప్పు ఎగ్గొట్టే దీవెన బైబిల్లో లేదు.

మా ఇంటికి ఆ తలుపు చప్పుడు ఎదురుదారిలో వచ్చింది. ఫిబ్రవరి చివర ఒక శుక్రవారం, ఎవరింట్లోనో కుటుంబ ప్రార్థన. ప్రార్థన విన్నపాలు చెప్పమంటే నేను "కొంచెం ఇబ్బందిగా ఉందండీ, ప్రార్థించండి" అన్నాను. మనం అందరం అంతే చెబుతాం. అందరూ ఆమెన్ అన్నారు, టీ తాగారు. గుమ్మంలో బూట్లు వేసుకుంటుంటే మా సంఘంలో ఒక పెద్దావిడ పక్కకొచ్చి నిలబడ్డారు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్ళు రాత్రి డ్యూటీలు చేసిన నర్సు.

"ఎంత నాయనా?" అన్నారు.

"ఏంటమ్మా?"

"బాకీ. ఎంత?"

"తెలియదమ్మా."

"ఎంతో తెలియని అప్పుకి ప్రార్థన ఎట్లా చేస్తున్నావయ్యా?"

మర్నాడు పొద్దున పదింటికి ఆవిడ మా ఇంటికొచ్చారు. ఒక చేతిలో ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచి, భుజానికి బ్యాగు. బ్యాగులోంచి చెక్క పిడి ఉన్న చిన్న కూరగాయల కత్తి తీసి బల్ల మీద పెట్టి, ఏవీ తెండి అన్నారు. అప్పుడు మా ఆవిడకి సొరుగు సంగతి తెలిసింది. నా వంక చూసిన ఆ చూపు గురించి నేనేమీ చెప్పలేను. కవర్లు పందొమ్మిది. ఆవిడ ఒక్కొక్కటీ కత్తితో చీల్చి, కాయితం నిమిరి, అంకె చదివి నాకిచ్చేవారు. నేను నోటుబుక్కులో రాయాలి. రేపటికి ఆగలేనివి ఒక పక్క, ఆగేవి ఒక పక్క. నాలుగు కవర్లు ఉత్త ప్రకటనలు, కొత్త కార్డు తీసుకోమని. వాటిని కూడా నేను బిల్లులనుకుని రెండు నెలలు భయపడ్డాను. అంతా కూడితే ఆరు వేల ఎనిమిది వందల నలభై డాలర్లు. నా మనసులో అది పదిహేను వేలు దాటి పోయింది. ఆరువేలు కూడా అప్పుడు మాకు కొండే. కానీ ఆ కొండకో ఎత్తుంది, ఇంత అని తెలిసింది. ఆ పూటే ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేయించారు. నెలకి యాభై చొప్పున కట్టుకోమన్నారు. ఆ ఒక్క ఫోన్ చేయడానికి నాకు ఆరు వారాలు ధైర్యం చాల్లేదు.

లెక్కంతా అయ్యాక ఆవిడ నోటుబుక్కు మీద చెయ్యి పెట్టి, ఒక్కో అంకె పేరు పెట్టి ప్రార్థన చేశారు. కరెంటుకి ఇంత ప్రభువా, ఇంటద్దెకి ఇంత ప్రభువా అని. అలాంటి ప్రార్థన నేను అంతకుముందు వినలేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో అనుదినాహారం అన్న మాట చిన్నప్పట్నుంచీ అంటూనే ఉన్నాను. అది రొట్టె మాట అనీ, ఆ రొట్టెకి ధర ఉంటుందనీ ఆ బల్ల దగ్గర తెలిసింది.

మాది ఒంగోలు పక్క పల్లె. మా తాతల తాతల కాలంలో ఈ విశ్వాసం మా ఇంటికి వచ్చిన దారి చెబితే, డబ్బుకీ నమ్మకానికీ ఉన్న లంకె మీకు అర్థమవుతుంది. శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టాడు. పదమూడేళ్ళ తర్వాత చూస్తే చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది విశ్వాసులు. ఖర్చేమో అవుతోంది. 1853లో ఆల్బనీలో జరిగిన మిషన్ సభలో, ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని మాట వచ్చింది. ఆల్బనీ ఎంతో దూరం కాదు. మనం 287 ఎక్కి త్రూవే పట్టుకుంటే రెండున్నర గంటలు. ఎప్పుడు అటు వెళ్ళినా నాకు ఆ సంగతే గుర్తొస్తుంది. మా ఇంటి విశ్వాసం ఆ ఊళ్ళో ఒక ఖర్చుల పద్దు దగ్గర ఆగిపోబోయింది. అమెరికా దేశభక్తి గీతం రాసిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ సభలోనే ఈ మిషన్‌ని ఒంటరి నక్షత్రమని ఒక పద్యం రాశాడు. మూయలేదు. మరుసటి ఏడు, 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు, వారితో మన తెలుగువాళ్ళు ముగ్గురు ఒంగోలు కొండెక్కి మోకరించారు. ఆ కొండని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం.

జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలుకి వచ్చింది 1866లో. మిషనరీ కాకముందు ఆయన భూములు కొలిచే సర్వేయరు. అది ఊరికే చెప్పడం లేదు, అసలు విషయం అక్కడే ఉంది. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని ధాత కరువు అని మనవాళ్ళు చెప్పుకునే మహా క్షామం పట్టింది. లక్షల మంది పోయారు. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ కొన్ని మైళ్ళ తవ్వకానికి తానే కాంట్రాక్టు పట్టాడు. సర్వే తెలిసినవాడు కాబట్టి పట్టగలిగాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి, వేరే చోట్ల తిట్లూ తన్నులూ తినే మాదిగల్ని పిలిచి, పని ఇచ్చి, కూలి చేతిలో పెట్టాడు. పొద్దున మట్టి మోత, పొద్దుగూకాక తాటాకు పందిళ్ళ కింద వాక్యం.

జనం బాప్తిస్మం ఇమ్మని వచ్చారు. గుంపులు గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఇవ్వలేదు. ఆకలితో వచ్చినవాడు కూటికోసం మతం పుచ్చుకున్నాడన్న మాట రాకూడదని, ఆ మనిషి తర్వాత తన మనసుతో తాను నిజం చెప్పుకోగలగాలని. కూలీ ఇచ్చాడు, అన్నం దొరికింది, దానికి బదులు ఏమీ అడగలేదు. కరువు తగ్గి, ఇక పంచడానికి డబ్బేమీ లేదు, ఊళ్ళకి పొండి అన్నాక కూడా జనం ఆగలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మావాళ్ళు పండుగలా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ అంకె కన్నా ముందు గడిచిన ఏడాది గొప్పది. అన్నానికీ విశ్వాసానికీ మధ్య ఆయన బేరం పెట్టనివ్వలేదు.

ఇవాళ ఆ బేరం తిరిగి వచ్చింది, తలకిందులుగా. ముందు నువ్వు ఇవ్వు, దేవుడు నూరంతలు తిరిగిస్తాడు. విత్తనం కానుక వెయ్యి, అప్పు మాయమవుతుంది. టీవీలో, ఫోన్‌లో రోజూ వింటున్నాం. ఉద్యోగం పోయిన కుర్రాడు ఆ మాట నమ్మి క్రెడిట్ కార్డు మీద ఐదువందల డాలర్ల కానుక పంపాడు. నాకు తెలిసిన కుర్రాడే. ఆ కార్డు మీద వడ్డీ ఇరవై శాతం దాటింది. నేను గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను: అప్పు చేసి కానుక ఇవ్వకండి. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో, ఇవ్వడం అనేది ఉన్నదాన్ని బట్టే గాని లేనిదాన్ని బట్టి కాదని విడమరచి చెప్పాడు. సువార్తల్లోని విధవరాలు వేసిన రెండు కాసులు గొప్పవే, అవి ఆమె సొంత కాసులు. వడ్డీకి తెచ్చినవి కావు.

నా వాగ్దానపు వచనం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫిలిప్పీయుల పత్రిక నాలుగో అధ్యాయం మొత్తం కూర్చుని చదివింది ఆ కవర్లు విప్పాకే. పౌలు బంధకాల్లో ఉన్నాడు. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు చేత సాయం పంపింది. ఆ పత్రిక ముగింపు నిజానికి డబ్బు ముట్టిందని రాసిన కృతజ్ఞత ఉత్తరం. కలిమిలోనూ లేమిలోనూ తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని అందులోనే చెబుతాడు, అయినా మీరు నా కష్టంలో పాలుపంచుకోవడం మంచి పని అని కూడా అందులోనే చెబుతాడు. తృప్తి ఉంది కాబట్టి సాయం వద్దనలేదు. ఆ తర్వాతనే వస్తుంది అవసరాలు తీరుతాయన్న మాట, అదీ ఇచ్చినవాళ్ళతో, వాళ్ళూ బీదవాళ్ళే. నేను ఆ ఒక్క వచనాన్నీ కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించాను. ఎపఫ్రొదితు కత్తిరింపులో పోయాడు.

పార్సిప్పనీలో ఉన్నవాళ్ళు రూట్ 10 మీద పోయేటప్పుడు క్రాఫ్ట్స్‌మన్ ఫార్మ్స్ అన్న బోర్డు చూసే ఉంటారు. లోపల దుంగలతో కట్టిన పెద్ద ఇల్లు, ఇప్పుడది మ్యూజియం. గుస్తావ్ స్టిక్లీ అనే పేరుమోసిన ఫర్నిచర్ తయారీదారు 1911లో కట్టుకున్నాడు. 1913లో న్యూయార్క్‌లో పన్నెండంతస్తుల భవనం తీసుకుని వ్యాపారం పెంచాడు. 1915లో దివాలా తీశాడు. 1917లో ఈ ఇల్లు, పొలం అమ్ముడుపోయాయి. ఆయన చేసిన కుర్చీలు, బల్లలు ఇవాళ లక్షలు పలుకుతాయి. చేతిపనిలో లోపం లేదు, నిజాయితీలో లోపం లేదు, అయినా లెక్క తప్పింది. మనం ఉండే ఊళ్ళోనే ఉన్న ఇల్లు కాబట్టి చెబుతున్నాను. అప్పుపడ్డవాడిని చూసి సోమరి అనో, శాపగ్రస్తుడనో అనే ముందు ఒకసారి ఆ ఇంటిదాకా వెళ్ళి రండి.

ఇప్పుడు మన పిల్లల సంగతికి వస్తాను. నేను బెంచి మీద ఉన్న రోజుల్లో హెచ్1బీ వాళ్ళకి ఉద్యోగం పోతే గడువన్నదే చట్టంలో లేదు. 2017 జనవరి 17 నుంచి గరిష్ఠంగా 60 రోజులిచ్చారు. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వేరే దారి చూసుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. 2025 సెప్టెంబరు 19, శుక్రవారం సాయంత్రం, కొత్త హెచ్1బీ దరఖాస్తులకి లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చినప్పుడు మా ఇంట్లో ఫోన్ అర్ధరాత్రి దాకా మోగుతూనే ఉంది. మర్నాటికి, ఇది ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదని వివరణ వచ్చింది. కానీ ఆ రాత్రి ఎన్ని వంటిళ్ళలో భార్యాభర్తలు నిద్రపోకుండా కూర్చున్నారో నాకు తెలుసు. ఇక్కడ ఇంటి అద్దె, అక్కడ చదువు అప్పు, హైదరాబాదులో ఫ్లాటు ఈఎంఐ, చెల్లెలి పెళ్ళి. ఫోన్‌లో మాత్రం అమ్మానాన్నలతో అంతా బాగే.

అలాంటివాళ్ళు వింటుంటే నేను రెండు మూడు పనికొచ్చే మాటలు చెబుతాను, వీటిని కూడా ప్రార్థనలో భాగంగానే వినండి. ఉద్యోగం పోయిన రోజే తేదీ రాసుకోండి, లాయరుతో మాట్లాడండి. న్యూజెర్సీలో వందమందో అంతకన్నా ఎక్కువమందో పనిచేసే కంపెనీ ఒక్కసారిగా 50 మందినో అంతకన్నా ఎక్కువమందినో తీసేస్తే 90 రోజుల ముందు నోటీసు, పనిచేసిన ఏడాదికో వారం జీతం ఇవ్వాలని 2023 ఏప్రిల్ 10 నుంచి చట్టం ఉంది. సంతకం పెట్టమన్న కాయితం మీద పెట్టే ముందు అది చదవండి. పాత ఇన్సూరెన్సు కొనసాగించుకునే కోబ్రాకి ఒప్పుకోవడానికి 60 రోజుల గడువుంటుంది. ఆసుపత్రి బిల్లు మోయలేనివాళ్ళకి ఈ రాష్ట్రంలో ఛారిటీ కేర్ ఉంది, అడగాలి. ఇంట్లో సరుకులు నిండుకుంటే 211కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. మన టౌన్‌షిప్‌కే ఫుడ్ ప్యాంట్రీ ఉంది. ఏలీయా ప్రవక్తకి కాకులు తెచ్చిన రొట్టె తినడం అవమానం కాలేదు.

ఇంకొకటి. చచ్చిపోతే బాగుండు, ఇన్సూరెన్సు డబ్బయినా పిల్లలకి వస్తుంది అన్న ఆలోచన వస్తుంటే, అది మీకొక్కరికే వచ్చిన ఆలోచన కాదు. ఇప్పుడే, ఈ కార్యక్రమం అయ్యేదాకా కూడా ఆగకుండా, 988కి ఫోన్ చెయ్యండి. పగలూ రాత్రీ మనిషి ఎత్తుతాడు. ఏలీయా అంతటి ప్రవక్తే బదరీ చెట్టు కింద కూర్చుని ఇక చాలు, ప్రాణం తీసుకో అని పడుకున్నాడు. దేవదూత ఆయన్ని కోప్పడలేదు, ప్రసంగం చెప్పలేదు. తట్టి లేపి, లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్ళు. మళ్ళీ పడుకోనిచ్చాడు.

మా ఇంట్లో కవర్లు విప్పిన సాయంత్రం నేను ఒంగోలుకి ఫోన్ చేశాను. రెండు నెలలుగా అమ్మకి డబ్బు పంపలేదు. బ్యాంకులో ఏదో తిరకాసు వచ్చిందని అబద్ధం చెబుతూ వచ్చాను. మా పల్లెలో, చాలా తెలుగు సంఘాల్లో లాగే, పిడికెడు బియ్యం అలవాటుంది. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తారు. ఆదివారం అది గుడికి పోతుంది, అక్కణ్ణుంచి అయ్యగారింటికో, ఇంకా లేనివాళ్ళ ఇంటికో. మా అమ్మది పాత డాల్డా డబ్బా, మూత మీద పచ్చ చెట్టు బొమ్మ సగం చెరిగిపోయి ఉంటుంది. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన అజరయ్యగారు పేద సంఘాలే తమ బరువు తాము మోయాలని పట్టుబట్టిన కాలం నుంచీ, ఇలాంటి పిడికిళ్ళ మీదే ఎన్నో తెలుగు గుళ్ళు నిలిచాయి. ఇంట్లో గింజలు తక్కువైనప్పుడు కూడా అమ్మ పిడికిలి ఆపడం నేను చూడలేదు. పిడికిలి చిన్నదయ్యేది, అంతే.

ఆ రోజు నిజం చెప్పాను. ఉద్యోగం లేదమ్మా, డిసెంబరు నుంచి జీతం లేదు, ఇంత అప్పుంది అని. అవతల కాసేపు మాట లేదు. వెనకాల కోడి కూస్తోంది, వాళ్ళకి తెల్లారుతోంది.

"నాకు తెలుసులేరా," అంది. "క్రిస్మస్ కాణ్ణుంచీ నీ గొంతు బాలేదు. నువ్వే చెబుతావని చూస్తన్నా. అప్పట్నుంచీ నీ పేరున ఇంకో పిడికెడు ఏస్తన్నా డబ్బాలో."

కొడుకు దగ్గర్నుంచి డబ్బు రాని నెలల్లో ఆమె రోజుకి రెండు పిడికిళ్ళు వేసింది.

మార్చి రెండో వారంలో నాకు ప్రాజెక్టు దొరికింది. అప్పు తీరడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. కత్తి తెచ్చిన ఆ అమ్మగారు 2018లో ప్రభువునందు నిద్రించారు. వాళ్ళమ్మాయి అడిగి మరీ ఆ కత్తి మాకిచ్చింది. ఇప్పుడు మా వంటింటి సొరుగులో ఉంది, ఆ సొరుగులో ఇంకేమీ లేదు.

ఈ శుక్రవారం రాత్రి ఏడున్నరకి మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. ఈ స్టేషన్‌కి ఫోన్ చేస్తే చిరునామా చెబుతారు. మీ ఇంట్లో కవర్లుంటే తీసుకురండి, విప్పకపోయినా ఫర్వాలేదు. పాట తర్వాత, వాక్యం తర్వాత బల్ల దగ్గర కూర్చుని అంకెలు రాసుకుందాం, ఆ కాయితం ఆ బల్ల దాటి బయటికి పోదు. ఉద్యోగం ఇప్పించగలిగినవాళ్ళు కూడా రండి, ఊరికే ఆమెన్ అనడానికి కాకుండా రెజ్యూమె పట్టుకెళ్ళడానికి. అన్నం, పప్పుచారు మా ఇంట్లోనే. మంచు కురిస్తే కారు రోడ్డు మీద వదలకండి, తీసుకెళ్ళిపోతారు. మా డ్రైవ్‌వేలో నాలుగు కార్లకి చోటుంది, మిగతావి పక్కింటివాళ్ళ దగ్గర పెట్టుకోవచ్చు. వాళ్ళని నేను అడిగి ఉంచాను.